పెడల్ దడ పుడితే డిస్కు వంగినట్టేనా?

బ్రేకు తొక్కినప్పుడు పాదం కింద పెడల్ దడదడలాడితే, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు వేడికి వంగిపోయినట్టేనట. చన్నీళ్లు పడటమే అందుకు కారణమట. లేత్ మీద చెక్కించడం దండగ, నాలుగు డిస్కులూ మార్చాల్సిందేనట. ఈ ఆడియో సందేశం విజయవాడ, గుంటూరు కార్ల యజమానుల మధ్య తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. రెండేళ్ల కిందట నేనూ ఇలాంటి మాటే నమ్మి కొత్త డిస్కులు వేయించాను. ఆరు నెలలకు అదే దడ మళ్లీ మొదలైంది. అందుకే ఒక్కొక్క మాటనూ తీసుకుని జవాబు చెబుతున్నాను.

మొదటి మాట, వేడికి డిస్కు వంగుతుందన్నది. పోత ఇనుముతో చేసిన ఆ బిళ్ల మన రోజువారీ ప్రయాణాల వేడికి అప్పడంలా వంకర పోదు. పెడల్ దడకు అసలు కారణం చాలాసార్లు డిస్కు మందంలో తేడా. ఒకచోట మందంగా, మరోచోట పలుచగా ఉన్న డిస్కు, దాన్ని రెండు పక్కలా నొక్కే ప్యాడ్ల మధ్య తిరుగుతుంటే, మందం వచ్చిన ప్రతిసారీ ప్యాడ్లను నెట్టే కాలిపర్ పిస్టన్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ నెట్టిన బ్రేక్ ఆయిల్ పెడల్‌ను తంతుంది. మిల్లీమీటరులో వందో వంతో, రెండు వందో వంతులో తేడా చాలు, పాదానికి తెలిసిపోతుంది. కంటికి కనబడేది కాదు కాబట్టే వంగిందనే మాట సులువుగా నిలబడుతోంది.

మరి ఆ తేడా ఎలా వస్తుంది? సందేశంలో ఈ ఊసే లేదు. డిస్కు కూర్చునే హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) ముఖం మీద తుప్పు పొర ఉందనుకోండి. దాని మీద కొత్త డిస్కు బిగించినా అది అటూ ఇటూ ఊగుతూనే తిరుగుతుంది. చాలా చిన్న కార్లకు ఈ ఊపు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే కాగితం మందంలో సగం. అంతకు మించి ఊగితే, బ్రేకు వేయనప్పుడు కూడా డిస్కు ఒకేచోట ప్యాడ్‌ను రాసుకుంటూ అక్కడే కొద్దికొద్దిగా అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక దడ బయటపడుతుంది. నా కారుకు జరిగింది ఇదే. రెండోసారి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చక్రం విప్పి, ఊపును ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి డిస్కును చేత్తో తిప్పారు. ముల్లు 0.12 చూపింది. డిస్కు తీసి హబ్‌ను వైర్ బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో శుభ్రం చేసి, డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి బిగించి చూస్తే 0.03. ఆ తరవాత డిస్కును లేత్ మీద పలుచగా చెక్కించి వేశారు. ఆ దడ ఇంతవరకూ తిరిగి రాలేదు. మొదటిసారి డిస్కులు మార్చినవాళ్లు ఆ పావుగంట పని చేసి ఉంటే నాకు ఆ ఖర్చే ఉండేది కాదు.

ప్యాడ్ పదార్థం డిస్కుకు అంటుకోవడం ఇంకో కారణం. గుంటూరు నుంచి వేగంగా వచ్చి కాజ టోల్‌గేటు దగ్గర గట్టిగా బ్రేకు వేసి, వరుసలో పెడల్ తొక్కిపట్టి నిలబడితే, కాలిన డిస్కు మీద ప్యాడ్ ముద్ర పడవచ్చు. ఆగాక కొంచెం ముందుకు జరుగుతూ ఉండటం మంచిది. ముద్ర కొత్తదైతే, వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డులో 60 నుంచి 15 వేగానికి ఏడెనిమిది సార్లు, పూర్తిగా ఆపకుండా ఒత్తి బ్రేకు వేసి, తరవాత చల్లారేదాకా బ్రేకు తొక్కకుండా నడిపితే చాలాసార్లు పోతుంది.

చన్నీళ్ల మాటలో కొంత నిజముంది. హైవే దిగిన వెంటనే డిస్కు మీద పైపుతో నీళ్లు కొట్టడం తప్పే. కానీ వానాకాలమంతా నీళ్లలో నడిచే కార్లకు లేని దడ, ఒక్కసారి కడిగినందుకు వచ్చిందనడం సరి కాదు.

నాలుగు డిస్కులన్న మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. మన రోడ్ల మీది చాలా చిన్న కార్లకు వెనక డిస్కులే ఉండవు, డ్రమ్ములు ఉంటాయి. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలను, సీటు కింద అదిరితే వెనక చక్రాలను అనుమానించాలి. ఖాళీ రోడ్డులో నెమ్మదిగా వెళ్తూ, బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేకు కొద్దిగా లాగి చూడండి. అదే అదురు వస్తే వెనక డ్రమ్ము గుండ్రం తప్పినట్టు. తడి రోడ్డు మీదో, ఇసుక మీదో గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే పెడల్ టకటకమంటే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పని చేస్తున్న చప్పుడు. అప్పుడు దేన్నీ మార్చనక్కరలేదు.

ఇక చెక్కించడం. ఉండాల్సిన కనీస మందం చాలా డిస్కుల మీదే పోసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో ఎనిమిది చోట్ల కొలవమనండి. చెక్కాక కూడా ఆ అంకెకు పైనే మిగిలేటట్టయితే చెక్కించవచ్చు. మిగలకపోతే మాత్రం సందేశం చెప్పినట్టు మార్చాల్సిందే, అదీ ఒకే ఇరుసుకు ఉన్న రెండింటినీ. పనైపోయాక చక్రం బోల్టులను గాలి గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించనివ్వకండి. ఎదురెదురు వరుసలో, కారు పుస్తకంలో రాసిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, రెంచితో బిగించమనండి. పంక్చర్ వేయించినప్పుడూ ఇదే పట్టుబట్టండి, ఒక పక్క ఎక్కువ బిగిసిన చక్రం మంచి డిస్కును కూడా ఊగేలా చేస్తుంది.