బావగారి తొమ్మిదో నంబరు

మన ఇళ్ళల్లో పిల్లలకి బూట్లు కొనడానికి ఒకటే సూత్రం ఉండేది. పెరిగే కాలు కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవాలి, ముందు వేళ్ళ దగ్గర దూది కుక్కాలి. ఆ దూది తీసేసే రోజు వచ్చేసరికి అడుగు ఊడిపోయి ఉండేది. సరిగ్గా పట్టిన బూటు ఎలా ఉంటుందో తెలియకుండానే ఒక తరం మొత్తం పెద్దదై, ఉద్యోగాలు తెచ్చుకుని, అందులో కొందరు విమానాలెక్కి అమెరికా కూడా వెళ్ళిపోయారు.

మా బావ ఆ తరం మనిషే. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో సగం రోజులు వట్టి కాళ్ళతో, మిగతా సగం హవాయి చెప్పులతో చదువుకున్నవాడు. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటాడు. ఏ వస్తువు కొనాలన్నా ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. ఇడ్లీ కుక్కర్‌కి కూడా ఒక షీట్ ఉంది, మూడు ట్యాబులతో. అలాంటి మనిషికి నలభై దాటాక, చేత్తో కుట్టిన లోఫర్లనే లేసుల్లేని తోలు బూట్ల మీద మనసు పడింది.

ఊరికే పడలేదు. చాలా చదివాడు. చదివిందంతా మాకు చెప్పాడు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఇప్పటికీ ఇలాంటివి చేత్తో కుట్టేవాళ్ళున్నారట. తోలుని తడిపి మెత్తబరిచి, పాదం ఆకారంలో ఉన్న అచ్చు మీదికి లాగి, ఆరెతో చిల్లు పొడిచి, మైనం రాసిన దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి దూర్చి చేతులు బారలా చాపి లాగుతారట. తోలు ఆరేసరికి ఆ అచ్చు ఆకారం అలాగే నిలబడిపోతుంది. నార్వేలో ఆవర్‌లాండ్ అనే ఊరివాళ్ళు తొడుక్కునే బూట్లని చూసి, మెయిన్‌లోని విల్టన్ ఊరి బాస్ కంపెనీ 1936లో వీజన్స్ అనే పేరుతో లోఫర్లు తెచ్చింది. అక్కడి నుంచి కాలేజీ కుర్రాళ్ళు ఎగబడ్డారు. పాదం మీద ఉండే తోలు పట్టీలో చిన్న చీలిక ఉంటుంది కదా, అందులో ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, దూర్చేవాళ్ళు. దాంతో దానికి పెన్నీ లోఫర్ అని పేరు.

ఇంతవరకూ వంటింట్లోంచే వింటున్న అక్క, ఈ పెన్నీ దగ్గర బయటికొచ్చింది.

"డబ్బులు కాలి మీద పెట్టుకుంటారా?"

"ఫ్యాషనే..."

"పొరపాటున కాలికి తగిలితేనే తీసి కళ్ళకద్దుకుంటాం. అలాంటిది లక్ష్మీదేవిని బూటులో కూర్చోబెట్టుకుని ఊరంతా తిరుగుతారా?"

"దాని మీద ఉన్నది లింకన్ అక్కా" అన్నాను, బావకి సాయంగా.

"ఆయనైనా పెద్దాయనే కదరా" అంది అక్క. ఆ తర్వాత చీలికలో ఏమీ పెట్టకూడదనే షరతు మీద కొనుగోలుకి అనుమతి దొరికింది. ధరలో మటుకు అక్కకి ఇప్పటికీ సగమే తెలుసు.

ఇక సైజు. "కొట్టుకెళ్ళి కాలు కొలిపించుకోవచ్చు కదా బావా" అన్నాను. అమెరికాలో పాతకాలపు షూ కొట్లలో ఇప్పటికీ ఒక లోహపు పలక ఉంటుంది. మడమ ఆనించడానికి ఒక గుంట, అటూ ఇటూ జరిగే పట్టీలు, అంకెలు. సిరక్యూస్ ఊళ్ళో చెప్పుల వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు చార్లెస్ బ్రానక్ 1920లలో దాన్ని తయారుచేశాడు. మెకానో లాంటి ఆటబొమ్మ ముక్కలతో మొదటి నమూనా బిగించాడంటారు. అది మూడు కొలతలు చెబుతుంది: మడమ నుంచి వేలి కొసకి ఎంత, మడమ నుంచి బొటనవేలి కీలుకి ఎంత, వెడల్పు ఎంత. నిలబడి, రెండు కాళ్ళూ కొలిపించుకోవాలి. ఎందుకంటే దాదాపు అందరికీ ఒక కాలు కాస్త పెద్దది. సాయంత్రం పూట అయితే మరీ మంచిది, పగలంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి.

బావ ఇవన్నీ నాకే చెప్పి, పొద్దున్నే కాఫీ తాగకముందు, మంచం మీద కూర్చుని, కుడి పాదం ఒక్కటే కాగితం మీద పెట్టి మా మేనల్లుడి స్కేలుతో కొలుచుకున్నాడు. "లెక్క తెలిసినవాడికి కొట్టు దేనికిరా" అన్నాడు.

ఆ లెక్క ఇదీ. తను రోజూ వేసుకునే పరుగుల షూ పదిన్నర. "వీటి సైజు అసలు కాలు కంటే ఒక అర ఎక్కువ ఉంటుంది, కాబట్టి నా కాలు పది." ఒక అర పోయింది. "లోఫర్‌కి లేసులుండవు. వదులైతే మడమ లేచిపోతుంది, బిగుతుగానే మొదలుపెట్టాలి. తొమ్మిదిన్నర." రెండో అర. "పైగా వీటికి లోపల లైనింగ్ లేదు, తోలు సాగుతుంది. తొమ్మిది." మూడో అర.

విడివిడిగా చూస్తే మూడింటినీ కాదనలేం. కానీ అమెరికా సైజులో ఒక్కో అరకీ అంగుళంలో ఆరో వంతు తేడా. మూడు అరలు కలిపితే అర అంగుళం. అర అంగుళం అంటే బొటనవేలి గోరు మొత్తం. తోలు సాగే మాట నిజమే గానీ, సాగేది వెడల్పులో. పొడుగులో సాగదు. ఇవన్నీ నేను అనబోతుండగానే బావ మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, ఇండియాలో నా సైజు ఎంతో గుర్తుందా? తొమ్మిది! పెళ్ళి బూట్లు కూడా తొమ్మిదే! లెక్క కరెక్టు!"

మన దేశంలో బూట్ల మీద వేసే అంకె బ్రిటిష్ వాళ్ళది. వాళ్ళ తొమ్మిది అమెరికాలో సుమారుగా పది. ఎక్సెల్ షీట్‌లో ఆ వరస లేదు.

వెడల్పు వరస ఉంది గానీ దాన్ని ఖాళీగా వదిలేశాడు. మగవాళ్ళకి మామూలు వెడల్పు 'డి'. అంతకంటే వెడల్పైతే ఇ, డబుల్ ఇ అని పోతాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థవాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచి, మన పాదాలు ముందు భాగంలో బాగా వెడల్పని తేల్చారు. విదేశీ సైజులు మనకి కుదరవు, మన కొలతలు మనకి ఉండాలన్నారు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో స్వేచ్ఛగా విచ్చుకున్న వేళ్ళాయె. బావ పాదం పైనుంచి చూస్తే విసనకర్ర. ఆర్డరు మాత్రం 'డి'కే వెళ్ళింది. అడిగి కుట్టించుకున్నవి వెనక్కి తీసుకోవడం కుదరదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని అక్క తర్వాత చదివింది.

వారాలు గడిచాక పెట్టె వచ్చింది. ఆ అందం కాదనలేం. తేనెరంగు తోలు, ముందు భాగం చుట్టూ ముడతలు ముడతలుగా చేతికుట్టు. బావ కూర్చుని పాదం దూర్చడం మొదలుపెట్టాడు. తిరనాళ్ళలో గాజులమ్మ అరచేతిని నొక్కి, బొటనవేలిని మడిచి, గాజుని ఎక్కించేస్తుంది చూడండి, అలా షూహార్న్‌తో మడమని ఒత్తి ఒత్తి లోపలికి దించాడు. లేచి నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు.

"ఎలా ఉంది బావా?"

"ఆలింగనం చేసుకుంటోందిరా."

వీటిని కొన్నాళ్ళు ఇంట్లో తివాచీ మీద నడిచి మెత్తబరచాలని ఆయన చదివాడు. మా అక్క ఇంట్లో చెప్పులతో గడప దాటిన ప్రాణి ఇంతవరకూ లేదు. ప్లంబరు కూడా వాకిట్లో విప్పి వస్తాడు. అందుకని లోఫర్లకి గరాజ్‌లో చోటు దొరికింది. రోజూ సాయంత్రం కారు చుట్టూ ప్రదక్షిణలు చేసేవాడు. చిటికెన వేళ్ళ మీద బొబ్బలొస్తే బ్యాండేజీ వేసుకునేవాడు. బ్యాండేజీ మందం వల్ల లోఫర్ ఇంకా బిగిసేది. నా కాలు, చెప్పడం మర్చిపోయాను, అమెరికా తొమ్మిది, డి. ఎవరూ అడగలేదు కాబట్టి నోరు మెదపలేదు.

వాళ్ళ స్నేహితుడి గృహప్రవేశం వచ్చింది. శనివారం, సత్యనారాయణ వ్రతం, మధ్యాహ్నం భోజనాలు. "మనవాళ్ళ ఫంక్షన్లకి లోఫర్లే సరైనవిరా. లేసులు విప్పే పని లేదు. గుమ్మంలో ఇలా జారవిడిచి అలా లోపలికి పోవడమే" అంటూ వేసుకుని బయల్దేరాడు. అక్కడ పార్కింగ్ చూసుకునే బాధ్యత తన మీద వేసుకున్నాడు. ఎండలో, తారు మీద, కార్లని ఇటు రమ్మని, అటు పొమ్మని నిలబడ్డాడు. నిలబడినకొద్దీ పాదాలు ఉబ్బుతున్నాయి. లోఫర్లు సాగడంలేదు.

కథ మొదలవుతోందని పిలుపొచ్చింది. గుమ్మం దగ్గర బావ కుడికాలు జారవిడిచాడు. జారలేదు. విదిలించాడు. ఎడమకాలి మొనతో కుడి మడమని తొక్కి లాగాడు. ఊహూఁ. వెనక పళ్ళాలు పట్టుకుని ఆడవాళ్ళు వరసలో ఆగిపోయారు. "జరగండి అన్నయ్యగారూ, లోపల హారతికి అగ్గిపెట్టె ఇవ్వాలి" అని ఒకావిడ. పక్కకి తప్పుకుని గరాజ్ మెట్టు మీద కూర్చున్నాడు.

మనవాళ్ళ దగ్గర ఒక గుణముంది. ఎవరికైనా కష్టం వచ్చిందంటే సలహా ఇవ్వకుండా ముందుకి కదలరు. కొబ్బరినూనె పొయ్యమన్నారొకరు. నూనె పోస్తే తోలు మచ్చ పడుతుందని బావ గావుకేక పెట్టాడు. అట్లకాడ దూర్చమన్నారొకరు. కత్తిరించెయ్యమన్న పెద్దమనిషిని బావ ఇప్పటికీ పలకరించడు. చివరికి మా మేనల్లుడు, వాడి స్నేహితుడు చెరో కాలూ పట్టుకున్నారు. బావ రెండు చేతులా ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అన్నారు. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. కుడి లోఫర్ మేజోడుతో సహా ఊడి, మేనల్లుడు వెనక్కి పడ్డాడు. పులిహోర ట్రే వెంట్రుకవాసిలో తప్పింది. ఎడమది కదల్లేదు. కొలవకుండా వదిలేసిన పెద్ద కాలు అదే.

ఒక కాలికి లోఫర్, ఒక కాలికి బ్యాండేజీతో బావ గరాజ్‌లోనే ఉండిపోయాడు. లోపల్నుంచి శంఖం వినిపించినప్పుడల్లా కూర్చున్నచోటే దణ్ణం పెట్టాడు. ఆలస్యంగా వచ్చిన ఒకాయన అక్కడ కూర్చున్న మనిషిని చూసి, కారు తాళాలు చేతిలో పెట్టి "కాస్త నీడలో పెట్టండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆఖరికి ఒక డాక్టరమ్మ వచ్చి, కాలు ఎత్తుగా ఐస్‌బాక్స్ మీద పెట్టించి, ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన పచ్చిబఠాణీల పొట్లం తీసి చీలమండ మీద పెట్టింది. స్వామివారి ప్రసాదం, గుత్తివంకాయ కూర, పెరుగన్నం అన్నీ అక్కడికే వచ్చాయి. భోజనం పూర్తయ్యేసరికి వాపు తగ్గి ఎడమది దానంతటదే జారింది. మళ్ళీ తొడుక్కునే ధైర్యం లేక, ఆ ఇంటివాళ్ళ బాత్రూం స్లిప్పర్లతో కారు నడుపుకుంటూ వచ్చాడు.

ఆ సోమవారం చెప్పులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మాట్లాడకుండా బావ పాదం ఆ లోహపు పలక మీద పెట్టాడు. కుడి పది, ఎడమ పదిన్నర, వెడల్పు డబుల్ ఇ. లోఫర్ తిప్పి లోపలి అంకె చూశాడు. వెడల్పు కొద్దిగా లాగగలను, పొడుగు దేవుడే లాగాలి అన్నాడు. దాంతో ఆ లోఫర్లు ధర్మబద్ధంగా, మా అక్క సాక్షిగా, నా కాళ్ళకి చేరాయి. మెత్తగా ఉన్నాయి. పాపం, మెత్తబరిచే పని సగం ఆయనే చేశాడు.

బావ ఆ ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. వేసవి సెలవుల్లో అకేడియా పార్కుకి పోతూ మెయిన్‌లోని ఫ్రీపోర్ట్ దగ్గర కారు ఆపించాడు. అక్కడ ఎల్.ఎల్.బీన్ కొట్టు ముందు మనిషికి రెండింతలు పైగా ఎత్తున ఒక బూటు బొమ్మ ఉంటుంది.

"అడగండి, మీ సైజేమో" అంది అక్క.

బావ పట్టించుకోలేదు. "ఈ కొట్టు పెట్టిన బీన్‌గారి చరిత్ర తెలుసా? 1912లో రబ్బరు అడుగుకి తోలు పైభాగం కుట్టి మొదటి వంద జతలు అమ్మాడు. తొంభై జతలు కుట్లు ఊడి వెనక్కొచ్చాయి. అయినా ఆగాడా?"

"డబ్బులు తిరిగిచ్చాడా?"

"ఆ, అందరికీ ఇచ్చేశాడు."

"అదీ పద్ధతి" అని అక్క నా కాళ్ళకేసి చూసింది. నేను కొంచెం వెనక్కి జరిగాను.

లోపల ఈసారి బుద్ధిగా నిలబడి, రెండు కాళ్ళూ కొలిపించుకున్నాడు. సాయంత్రం వేళే. అక్కడి అబ్బాయి కొలత చూసి, ఈ బూట్లలో అర సైజులుండవండీ, పైగా ఇవి పెద్దగా వస్తాయి, పల్చని మేజోళ్ళతో వేసుకునేట్టయితే ఒక నంబరు తగ్గించి తీసుకోండి అన్నాడు.

"విన్నావా!" అన్నాడు బావ. కొట్టంతా తిరిగి చూసింది. "తగ్గించాలంటున్నాడు! నేను చెప్పలా?"

అక్క ఆయన జేబులోంచి పర్సు తీసి తన సంచిలో పెట్టుకుంది. "వేసుకోండి. ఆ చివరి దాకా నడవండి. వచ్చి ఇక్కడ కూర్చుని, ఎవరి సాయం లేకుండా విప్పి చూపించండి. అప్పుడు మాట్లాడదాం."

బావ లేసులు బిగించి, గుడారాలు పెట్టినవైపు దర్జాగా నడిచి వెళ్ళి వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడో లేదో, మా మేనల్లుడు అలవాటు కొద్దీ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు.