మొదటి వరుసకు ముందు ఇంకో వరుస

మొన్న ఆదివారం పొద్దున మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక రంగుల పటం పడింది. చూడగానే ఎవరో ప్లాట్లు అమ్ముతున్నారనుకున్నాను. హన్మకొండలో ఉండేవాడికి రంగు గళ్ల పటం కనబడితే ఇంకేం గుర్తొస్తుంది? తీరా చూస్తే అది టొరంటోలో ఐస్ హాకీ ఆడే అరీనా సీట్ల పటం. మా మేనల్లుడు పంపాడు. అక్కా బావా డిసెంబర్‌లో మళ్లీ వాడి దగ్గరికి పోతున్నారు. అక్కడ ఒక హాకీ మ్యాచ్, వారం తర్వాత అదే హాల్లో మన సినిమా పాటల ప్రోగ్రాం. "ఎక్కడ బుక్ చెయ్యమంటరు?" అని అడిగాడు. నిమిషం తిరక్కముందే బావ జవాబు పడింది: "ముందల."

అంతే. ఒక్క మాట. నాలుగు దిక్కులా సీట్లున్న హాల్లో ముందల అంటే ఎటు? తూర్పా, పడమరా? మా బావకు ఆ సందేహం రాదు. ఆయన ఎక్కడ కూర్చుంటే అదే ముందల.

పోయినేడు ఇదే ముచ్చట జరిగింది. హాకీ మంచు పొడవు 200 అడుగులు, వెడల్పు 85. చుట్టూ మనిషి నడుము దాటిన ఎత్తులో గోడ, ఆ గోడ మీద అద్దం. ఆడేది బంతితో కాదు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్లతో. పక్ అంటారు. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు కూడా. బావ పట్టుబట్టి అద్దానికి ఆనుకున్న వరుసలో కూర్చున్నాడు. ఆ బిళ్ల ఇవతలికి వస్తే గోడ అడ్డం, అవతలి మూలకు పోతే ఆటగాళ్లు అడ్డం. అక్క చెప్పిన లెక్క ప్రకారం, ఆయన ఆటంతా మెడ పైకెత్తి నడిమిట్ల వేలాడే పెద్ద తెర మీదే చూశాడు. అద్దం పక్క సీటు కొనుక్కుని టీవీ చూసి వచ్చిన మనిషి! మధ్యలో ఇద్దరు ఆటగాళ్లు వచ్చి ఆ అద్దానికే ధడాలున గుద్దుకుంటే, చేతిలోని పాప్‌కార్న్ మొత్తం పక్కావిడ ఒళ్లో పోశాడట. ఆ ముక్క గ్రూపులో రాయలేదు. "బ్రహ్మాండం, పక్కనే ఉన్నం" అని మాత్రం రాశాడు.

ఆ ఆటకు మంచి చోటు మధ్య గీతకు సూటిగా, పది పదిహేను వరుసలు పైన. అక్కడినుంచి చూస్తే బిళ్ల ఎవరి కర్ర నుంచి ఎవరి కర్రకు పోతోందో తెలుస్తుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో ఆటగాడికంటే ముందు మనకే కనబడుతుంది. గోల్ వెనక కూర్చుంటే ఎదురుగా వల ఉంటుంది. 2002లో అమెరికాలో బిళ్ల తగిలి పదమూడేళ్ల పాప చనిపోయింది, ఆ తర్వాత పెట్టిన వలలవి. వల అడ్డమని సణిగేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని సణగాలి. ఆట మూడు విడతలు, విడతకు ఇరవై నిమిషాలు. విడత విడతకు జట్లు వైపు మారతాయి కాబట్టి మన జట్టు ఒక గోల్ మీదికి రెండుసార్లు, ఇంకోదాని మీదికి ఒక్కసారే దాడికి వస్తుంది. తెలిసినవాళ్లు రెండుసార్లు వచ్చే వైపు చూసుకుని టికెట్ కొంటారు.

పాటలకొచ్చేసరికి అదే హాలు వేరే హాలైపోతుంది. మంచు తీసెయ్యరు, దాని మీద పలకలు పరిచి కుర్చీలు వేస్తారు. స్టేజీ ఒక కొసన కడతారు. మొన్న గోల్ దగ్గరున్న సీటే ఇవాళ స్టేజీ వెనక్కి పోయి, గాయకుడి వీపు మాత్రం బాగా కనబడుతుంది. కింద కుర్చీలన్నీ చదును నేల మీద. ముందువాడు లేస్తే మనమూ లేవాలి, మన ముందు ఆరడుగులవాడు పడితే ఆ రోజుకు మన పాట వాడి మెడే. దానికంటే పక్కన మెట్ల వరుసల్లో, మిక్సర్ బల్లకు దగ్గరగా కూర్చుంటే నయం. ఆ బల్ల దగ్గరి మనిషి తన చెవికి వినబడినదాన్ని బట్టే సౌండ్ సరిచేస్తాడు. ఆయన చెవి పక్కింట్లో మన చెవి ఉంటే చాలు.

ఇదంతా మనకు తెలియని విద్యేం కాదు. 1213 నాటి రామప్ప గుడిలో రంగమండపం నడుమ ఉంది, చుట్టూ ఎత్తు అరుగులున్నాయి. ఆడేవాళ్లు మధ్యలో, చూసేవాళ్లు కాస్త పైన. ఎనిమిది వందల ఏళ్ల కింద రాతిలో చెక్కి చూపించినదాన్ని మనం టెంట్ హౌస్ సోఫా దొరగ్గానే మర్చిపోయాం.

అసలు వింత ఇది. సినిమా హాల్లో ముందు వరుస అంటే నేల టికెట్. అక్కడ కూర్చున్నామని చెప్పుకోవడానికి మా బావకు నామోషీ, ఆయనకు బాల్కనీ కావాలి. అదే మనిషికి ఫంక్షన్ హాల్లో, స్టేడియంలో మొదటి వరుస లేకపోతే బీపీ పెరుగుతుంది. కళ్లు అవే, మెడ అదే, తెరకూ స్టేజీకీ ఉన్న దూరమూ అటూఇటూ అదే. తేడా ఎక్కడంటే, సినిమా హాల్లో లైట్లు తీసేస్తారు. ఎవరెక్కడ కూర్చున్నారో ఎవరికీ కనబడదు. చీకట్లో మనిషి చూడ్డానికి కూర్చుంటాడు, వెలుతురున్నచోట కనబడ్డానికి కూర్చుంటాడు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునేవాడి మీద నాకు గౌరవం ఉంది. వాడు ఊరు చేరాలి. సోఫా ఆపుకునేవాడు ఎక్కడికి చేరాలో నాకిప్పటికీ అర్థం కాలేదు.

పోయిన నెల మా దగ్గర ఒక ఇండోర్ హాల్లో పిల్లల పేరిణి నాట్యం పెట్టారు. సాయంత్రం ఐదింటికి అని కార్డులో ఉంది. ముందర ఎర్ర సోఫాల వరుస, ఒక్కోదాని వీపు మీద తెల్ల టర్కీ టవలు, సెల్లో టేపుతో అంటించిన "రిజర్వ్‌డ్" కాగితం. బావ నాలుగున్నరకే వచ్చి ఒక కాగితం పీకి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడింటికి ఎవరో పెద్దమనిషి తన మందితో వచ్చాడు. సోఫాలు నిండిపోయాయి, లేచేవాడు లేడు. అప్పుడు టెంట్ హౌస్ పిల్లలు నలుగురు ఇంకో సోఫా ఎత్తుకొచ్చి మొదటి వరుసకు ముందు దించారు. అంటే మొదటి వరుస రెండో వరుసయింది. మా బావ మొహం చూడాలి! రెండున్నర గంటలు కాపలా కాసిన పదవి కళ్లముందే ఊడిపోయింది. ఐదు నిమిషాలు ఓపిక పట్టి, ఎవరినో పిలిచి, ఏదో చెవిలో ఊదాడు. నాట్యం మొదలై పిల్లలు శివుడికి దండం పెడుతుండగా, స్టేజీకి అడ్డంగా మూడో విడత సోఫా వచ్చింది. "జరగండి సార్, కాలు సార్, కాలు!" దానిమీద బావ. కొత్తగా రెండో వరుసైన పెద్దమనిషి మనుషులు ఊరుకుంటారా? నాలుగోది వచ్చింది. మోస్తున్న పిల్లాడికి టీపాయ్ తగిలి కాజూ ప్లేటు ఎగిరింది, నీళ్ల సీసాలు దొర్లుకుంటూ స్టేజీ కిందికి పోయాయి. వాటిని ఏరడానికి ఇద్దరు వంగారు, వాళ్లు లేచేలోపు ఐదో సోఫా. చివరికి దాని కాళ్లు స్టేజీ చెక్కకు తగిలి ఆగాయి. ఇక జరగడానికి భూమి లేదు. అంత దగ్గర్నుంచి వాళ్లకు కనబడేది గజ్జెలు మాత్రమే. వాటినే తదేకంగా చూస్తూ బావ తల ఆడించాడు, తాళం తెలిసినవాడిలాగా.

ఆ హాల్లో వెనక పైన మెట్ల గ్యాలరీ ఉంది. అక్కడ కూర్చుంటే ఏ తలా అడ్డం రాదు, పిల్లల వరుసలు, అడుగులు అన్నీ పటం గీసినట్టు కనబడతాయి. దానికి తాళం వేశారు. ఎందుకని అడిగితే, జనం కింద ఉంటేనే ఫోటోలో నిండుగా వస్తుందన్నారు.

నా పక్కన ఒకావిడ, పరకాల నుంచి బస్సెక్కి వచ్చింది. వాళ్ల బిడ్డ ఎడమ నుంచి మూడోది. మధ్యాహ్నం మూడింటికి మేకప్ వేశారట, ఏడు దాకా మంచినీళ్లు తప్ప ఏం తిననివ్వలేదట. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడింది. బ్యాడ్జి పెట్టుకున్న కుర్రాడొకడు పరుగున వచ్చి "దిగమ్మా, ఎన్కోళ్లకు అడ్డమైతున్నవ్" అన్నాడు. వెనక ఎవరూ లేరు. గోడ ఉంది. ఐదు సోఫాలు స్టేజీ దాకా పాకితే నోరు లేవని ఆ బ్యాడ్జికి, తల్లి ఒక కుర్చీ ఎక్కితే చట్టం గుర్తొచ్చింది. సిగ్గు లేదారా మీకు? ఆవిడ దిగి, ఫోను పైకెత్తి పక్కనున్న పెద్ద తెరనైనా తీసుకుందామని చూసింది. తెర మీద ఆమె బిడ్డ లేదు. సోఫాలో కూర్చున్న పెద్దమనిషి జీడిపప్పు నములుతూ ఉన్నాడు, నాలుగడుగుల ఎత్తున. ఆ పిల్లలు ఆరు నెలలు నేర్చుకున్నది ఆ దవడను చూపించడానికా?

అయిపోయాక ఆ పిల్ల గజ్జెలు చేతిలో పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చింది. "అమ్మా, నేను కనవడ్డనా?"

"మంచిగ కనవడ్డవ్ బిడ్డా."

నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఇదంతా మనసులో పెట్టుకునే మొన్న గ్రూపులో మేనల్లుడికి వివరంగా రాశాను. హాకీకి మధ్య గీత దగ్గర పది పదిహేను వరుసల పైన, పాటలకు పక్క మెట్ల మీద మిక్సర్ దగ్గర, స్టేజీ ఏ కొసన కడుతున్నారో చూసుకుని కొను అని. అక్క దండం బొమ్మ పెట్టింది. మేనల్లుడు "సరే మామా" అన్నాడు. ఆఖరికి బావ రాశాడు:

"అద్దానికీ మంచుకూ నడుమ ఏమన్న సోఫా ఏస్తరా, అడుగు."