పండుగకు వచ్చే కాలనీ సమావేశానికి ఎందుకు రాదు?

వినాయక చవితి చందా కోసం బయలుదేరిన కుర్రాళ్లకు హైదరాబాద్‌లో తలుపు తీయని ఇల్లు తక్కువ. మండపం ఎక్కడ వేయాలి, ఏ రోజు ప్రసాదం ఎవరింటి నుంచి రావాలి, నిమజ్జనానికి లారీ ఎవరు మాట్లాడాలి అన్నవన్నీ కాగితం మీద పెట్టకుండానే తేలిపోతాయి. బతుకమ్మ నాడు మూడో అంతస్తు నుంచి ఎప్పుడూ దిగని పెద్దావిడ కూడా సెల్లారు దాకా వస్తుంది. అదే అపార్ట్‌మెంట్‌లో ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశానికి కోరం నిండదు. అరగంట ఎదురుచూసి, వచ్చిన పదిమందితోనే కానిచ్చేస్తారు.

‘మనవాళ్లకు బాధ్యత లేదు’ అని అపార్ట్‌మెంట్ సంఘం కార్యవర్గంలో ఉన్నవారు సులువుగా తేల్చేస్తారు. ఈ తీర్పు అన్యాయమైనది. బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్ నివాసులు 2024లో తమ గణపతి లడ్డూను వేలంలో 1.87 కోట్ల రూపాయలకు పాడి, ఆ డబ్బును సేవా కార్యక్రమాలకు ఇచ్చారు. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ లడ్డూ వేలం సొమ్ము ఆ ఊరి అభివృద్ధి పనులకు ఉపయోగపడుతోంది. ఉమ్మడి పనికి డబ్బు తీయని మనుషులు, ఇరుగుపొరుగు పట్టని మనుషులు ఇలా చేయరు. పండుగలో ప్రతి ఒక్కరి చేతిలో ఒక పని ఉంటుంది. ఎంత వచ్చిందో, ఎవరిచ్చారో అందరి ముందు మైకులో చెబుతారు. సంఘంలో ఈ రెండూ ఉండవు. జనం దూరమవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

మామూలు సంఘం సభ్యుడితో ఎలా మాట్లాడుతుందో చూడండి. నెల మొదట్లో మెయింటెనెన్స్ కట్టమని వాట్సాప్‌లో సందేశం, పదో తేదీ తర్వాత కట్టనివారి జాబితా, మధ్యలో ‘కారిడార్‌లో చెప్పులు పెట్టరాదు’, ‘బాల్కనీలో బట్టలు ఆరవేయరాదు’ లాంటి హెచ్చరికలు. లిఫ్టు నిర్వహణ ఒప్పందం ఎవరికివ్వాలి, రంగులు ఇప్పుడు వేయించాలా వచ్చే ఏడాదా, పెద్ద ఖర్చుల కోసం దాచిన ఉమ్మడి నిధి, అంటే కార్పస్ ఫండ్‌లో చేయి పెట్టవచ్చా అన్న నిర్ణయాలు నలుగురైదుగురు కూర్చుని తీసుకుంటారు. మిగిలినవారికి తెలిసేది బిల్లు వచ్చినప్పుడే. ఇలా చేస్తే సభ్యుడు కొనుగోలుదారుడిలా మారిపోతాడు. డబ్బు కట్టాను కాబట్టి పని జరగాలి అంటాడు. జరగకపోతే ఫిర్యాదు చేస్తాడు, జరిగితే మౌనంగా ఉంటాడు. అతణ్ని అలా తయారుచేసింది సంఘమే.

ఇక ఈ నగరానికి ప్రత్యేకమైన సమస్య అద్దెదారులది. కొండాపూర్, మాదాపూర్, మణికొండ ప్రాంతాల్లో ఎన్నో ఫ్లాట్ల యజమానులు అమెరికాలోనో, బెంగళూరులోనో, సొంత జిల్లాలోనో ఉంటారు. ట్యాంకరు నీళ్లు తాగేది, లిఫ్టు ఆగితే ఏడో అంతస్తుకు మెట్లెక్కేది, పిల్లలను కిందికి ఆడుకోవడానికి పంపేది అద్దెకున్న కుటుంబం. కానీ సమావేశం నోటీసు వెళ్లేది యజమాని ఈమెయిల్‌కు. ఆస్తికి సంబంధించిన ఓటు యజమానికే ఉండాలన్నది న్యాయమే. కార్పస్ ఫండ్, భవనంలో మార్పులు, ఉమ్మడి స్థలం మీద హక్కులు అతనివి. అయితే నీళ్ల వేళలు, చెత్త, భద్రత, పార్కు లాంటి పనుల బృందాల్లో అద్దెదారును కూర్చోబెట్టడానికి ఓటు హక్కుతో పనేముంది? ఉన్న ఇంటి గురించి ఒక్క మాట చెప్పే వీలు లేకపోతే మూడేళ్లున్నా ఆ కుటుంబం మనసులో బాడుగ ఇంటివారే.

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. టోలిచౌకి నదీమ్ కాలనీలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఏడు వారాలు తిరిగేసరికి, డిసెంబరు 1న, జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగితే పోలైనవి 46.55 శాతం ఓట్లు. ఉదాసీనత ఉందనడంలో సందేహం లేదు. దానితోపాటు ఇక్కడ బతుకుతూ ఓటు మాత్రం సొంత ఊర్లో ఉంచుకున్నవారు కూడా ఎందరో. కార్పొరేటర్‌ను అడిగే హక్కు లేదని, సంఘాన్ని అడిగే హక్కు లేదని అనుకునే మనిషి వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి?

జనాన్ని కదిలించే దారి ఏమిటో 2021లో నగరానికి నీరిచ్చే జలమండలి పథకమే ఒకసారి చూపించింది. నెలకు ఇంటికి 20 వేల లీటర్ల ఉచిత నీరు అన్నారు. అపార్ట్‌మెంట్లలో నల్లా కనెక్షన్ ఉమ్మడిది కాబట్టి, ఒక్కో ఫ్లాట్‌ను ఆధార్‌తో అనుసంధానం చేస్తేనే ఆ ఫ్లాటు వాటాకు మినహాయింపు. కూర్చున్నచోట నుంచి నోటీసు పంపితే అయ్యే పని కాదిది. చురుకైన సంఘాల్లో అంతస్తుకొకరు బాధ్యత తీసుకుని తలుపులు తట్టారు, పెద్దవారి ఫోన్లలో వివరాలు నింపిపెట్టారు, ఊర్లో లేని యజమానులను వెతికి పట్టుకున్నారు. లాభం అందరిదీ, పని హద్దు తెలిసినదీ, ముగింపు కంటికి కనిపించేదీ అయినప్పుడు పొరుగువారు కదులుతారు.

అందుకే ‘కాలనీ అభివృద్ధికి సహకరించండి’ అన్న పిలుపు వల్ల ఫలితం ఉండదు. ఎవరు, ఏమిటి, ఎంతసేపు అన్నది అందులో లేదు. ‘మే చివరి ఆదివారం ఉదయం 7 నుంచి 9 వరకు, బి బ్లాకు వెనక ఇంకుడు గుంత పూడిక తీయిద్దాం, నలుగురు కావాలి’ అంటే ఆరుగురు వస్తారు. ఇంకుడు గుంత ఉదాహరణ కావాలనే చెబుతున్నాను. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచి అనుమతుల కోసం గుంతలు తవ్వినవారు ఎందరో ఉన్నారు. పైన మట్టి పేరుకుంటే కంకర పొరల మధ్య ఖాళీలు మూసుకుపోయి నీరు దిగదు, పైనుంచే పొర్లిపోతుంది. వానకు ముందు దాన్ని శుభ్రం చేసి, బోరులో నీటి మట్టం ఎంతుందో నెలకోసారి కొలిచి లిఫ్టు పక్కన రాసిపెట్టే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. పిల్లలు కొలిచిన అంకె మీద తల్లిదండ్రులు మాట్లాడుకుంటారు. ట్యాంకర్ల ఖర్చు చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది.

సాగునీటి వ్యవస్థలను, అడవులను ఉమ్మడిగా వాడుకునే సమూహాలను దశాబ్దాలపాటు అధ్యయనం చేసి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఒక సంగతి చూపించారు. నియమాలను పాటించాల్సినవారికే వాటిని మార్చుకునే అవకాశం ఉన్నచోట ఉమ్మడి వనరు ఎక్కువ కాలం నిలుస్తుంది. మన సంపులోని నీటికి, సెల్లారులోని పార్కింగ్‌కు కూడా ఇది వర్తిస్తుంది.

చెత్త విషయంలో మనం ఘోరంగా విఫలమవుతున్నది ఇక్కడే. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. 5 వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని కూడా అవి అన్నాయి. దీనిపై సంఘం తీర్మానం చేస్తుంది, రెండు రంగుల బుట్టలు కొంటుంది. కానీ ఎక్కువ ఇళ్లలో చెత్తను బుట్టలో వేసేది వంట చేసే మనిషి, ఇల్లు ఊడ్చే మనిషి. కిందికి మోసేది వాచ్‌మన్ కుటుంబం. వాళ్లను ఏ సమావేశానికి పిలిచాం? ఏ బుట్ట ఎక్కడ పెడితే వీలుగా ఉంటుందని ఎవరు అడిగారు? పైగా పనివారు ప్రధాన లిఫ్టు ఎక్కితే జరిమానా అని బోర్డు పెట్టిన సొసైటీలు ఈ నగరంలో ఉన్నాయి. ఆ బోర్డు తీసేయకుండా పరిశుభ్రత గురించి ఉపన్యసించే అర్హత ఏ కార్యవర్గానికీ లేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. కార్యవర్గం ఇంగ్లీషులో నడిపే సమావేశంలో అమ్మమ్మలు, తాతయ్యలు, చిన్న వ్యాపారులు నోరు మెదపరు. ఇది తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి బతికే ఊరు. ప్రశ్న ఏ భాషలో వస్తే జవాబు ఆ భాషలో ఇవ్వగలవారు ప్రతి భవనంలోనూ ఉంటారు.

లెక్కల విషయంలో నాకు రాజీ లేదు. ఏడాది చివర ఆడిటర్ సంతకంతో వచ్చే నివేదిక సామాన్యుడికి అర్థం కాదు. ఈ నెల ఎన్ని ట్యాంకర్లు, ఒక్కోటి ఎంత, జనరేటర్‌కు ఎన్ని లీటర్ల డీజిల్, ఎవరి జీతం ఎంత అని ఒక్క పేజీ నోటీసు బోర్డు మీద పెడితే సగం అనుమానాలు తీరిపోతాయి. గొడవలు పెరుగుతాయని కోశాధికారులు భయపడతారు. గొడవలు ఇప్పుడూ ఉన్నాయి, అర్ధరాత్రి వాట్సాప్‌లో. పగటిపూట, కాగితం ముందుంచుకుని మాట్లాడుకోవడం మేలు కదా.

కొత్త అపార్ట్‌మెంట్లలోకి వెళ్లేవారికి ఒక హెచ్చరిక. ఎక్కువమంది ఫ్లాట్లు బుక్ చేసుకున్న మూడు నెలల్లోపు సంఘం ఏర్పడేలా చూడాల్సిన బాధ్యతను ఇళ్ల నిర్మాణం, అమ్మకాలను నియంత్రించే 2016 రెరా చట్టం నిర్మాణ సంస్థ మీద పెట్టింది. సంఘం ఏర్పాటులో పాలుపంచుకోవడం కొనుగోలుదారుడి విధి అని కూడా అదే చట్టం చెబుతోంది. నిర్మాణ లోపాలు అప్పగింత నుంచి ఐదేళ్లలోపు బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లోపు బిల్డరు ఉచితంగా సరిచేయాలి. గోడ నెమ్ము, సెల్లారులో ఊట ఒక్కో ఇంటి ఫిర్యాదుగా మిగిలిపోతే ఆ ఐదేళ్లూ ఇట్టే గడిచిపోతాయి. అన్నీ కలిపి, ఫొటోలతో, తేదీలతో రాసి ఇచ్చే సంఘం ఉంటే బిల్డరు తప్పించుకోలేడు.

గేటు బయట చేయాల్సింది ఇంకా ఎక్కువ. హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టువి. ఒకటి నిండితే నీరు నాలా గుండా రెండోదానికి పోతుంది. ఆ నాలా వెంట పది కాలనీలు, రెండు మూడు బస్తీలు ఉంటాయి. నాలాను ఇరుకు చేసిన ప్రహరీ ఒక కాలనీది, మునిగే ఇల్లు మరో కాలనీది. ఎవరి సంఘం వారిదిగా విడివిడిగా కార్పొరేటర్ దగ్గరికి వెళితే, అధికారులు కూడా విడివిడిగానే సర్దిచెప్పి పంపుతారు. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలంది. అవి జీవంతో పనిచేయాలంటే కింద ఇలాంటి పొరుగు సంఘాలు ఒకే వరసలో నిలబడి అడగాలి, బస్తీవారిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ అడగాలి.

వేసవిలో నాలాల పూడికతీత పనులు మొదలవుతాయి. ఒకే నాలా వెంట ఉన్న సంఘాల కార్యదర్శులు ఏప్రిల్‌లోనే ఒకచోట కలిసి, ఏ ముక్క ఎప్పుడు తీస్తారు, తీసిన మట్టిని గట్టు మీదే వదలకుండా ఎప్పుడు ఎత్తుకెళతారు అని మున్సిపల్ ఇంజినీరును లిఖితపూర్వకంగా అడగవచ్చు. వచ్చిన జవాబును తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రతి గేటు దగ్గరా, ప్రతి బస్తీ మొదట్లోనూ అంటించవచ్చు.