అతిథి దేవోభవ, పాస్‌వర్డ్ గెస్ట్

లెక్కల్లో సున్నా తెచ్చుకున్నవాళ్లం మనలో బోలెడుమంది. కానీ మైనస్ 142? దానికి ప్రత్యేక ప్రతిభ కావాలండీ. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్, అంటే సైన్యానికి పనులు చేసిపెట్టే కంపెనీ, సాధించింది. 2021లో తన సైబర్ సెక్యూరిటీకి తనే 110కి 104 మార్కులు వేసుకుని పెంటగాన్‌కి, అదే అక్కడి రక్షణ శాఖకి, పంపింది. మరుసటేడు బయటివాళ్లు దిద్దితే మైనస్ 142 తేలింది. (అట్టడుగు మైనస్ 203 లెండి, ఇంకా దిగడానికి చోటుంది.) ప్రభుత్వం నుంచి సమన్లు వచ్చాక మూడు నెలలకు గానీ అంకె మార్చలేదు, 2025లో 46 లక్షల డాలర్లు కట్టి బయటపడింది.

ఇలాంటి వేషాలు ఆపడానికే సీఎంఎంసీ అనే రూల్, అంటే కాంట్రాక్టర్ల సైబర్ భద్రతకు సర్టిఫికెట్ అడిగేది, తెచ్చారు. అందులోని 110 జాగ్రత్తలు కాంట్రాక్టర్లు 2017 చివరికే పాటించాల్సినవి, కొత్తగా చేర్చిందల్లా కీలక సమాచారం ఉన్నచోట బయటివాడొచ్చి చూసి వెళ్లడం. 2024 అక్టోబరులో రూల్ వచ్చిందో లేదో, నవంబరులో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభలో దాన్ని కొట్టేయమని తీర్మానం పెట్టేశారు!

నేను మాత్రం ఆ తీర్మానం పక్షమే. ఇంట్లోకి ఎవరో వచ్చి తాళం లాగి చూస్తే పరువు పోదూ? ఆస్ట్రేలియాలో యాభైమంది ఉద్యోగుల డిఫెన్స్ కాంట్రాక్టు కంపెనీని చూడండి, ఎంత సంస్కారం! 2016లో దాని నుంచి ఎఫ్-35 యుద్ధవిమానం వివరాలతో సహా 30 జీబీ సమాచారం పోయింది. నెట్‌కి తెరిచి ఉంచిన సర్వీసులకు యూజర్ పేరు ‘అడ్మిన్’, పాస్‌వర్డ్ ‘అడ్మిన్’. ఇంకోటి ‘గెస్ట్’, ‘గెస్ట్’. వచ్చినవాడు గెస్టే కదా మరి! కాళ్లకి నీళ్లిచ్చి, విస్తరేసి, కొసరి కొసరి వడ్డించి, వెళ్లేటప్పుడు 30 జీబీ తాంబూలంలో పెట్టి, “మళ్లీ రండి బాబూ, పిల్లల్ని కూడా తీసుకురండి” అని వీధి చివరిదాకా సాగనంపడమే.

చిన్న వర్క్‌షాపులు ఈ రూల్ ఖర్చు మోయలేవంటారు. నిజమే, మోయలేవు. అయితే డబ్బు సాయం చేయండి, ఎవరొద్దన్నారు? అది చేయరు, రూలే వద్దంటారు. పైగా ఆ తీర్మానం గెలిచి ఉంటే, కాంగ్రెస్ మళ్లీ చట్టం చేస్తే తప్ప అలాంటి రూల్ ఇంకోటి తేవడానికి వీల్లేదు. 2018లో ఒక నేవీ కాంట్రాక్టర్ నుంచి చైనా హ్యాకర్లు 614 జీబీ పట్టుకుపోయారు, జలాంతర్గాముల సమాచారంతో సహా. రేపు ఆ నీళ్లడుగున కూర్చునేది మీరా? ఎవరి బిడ్డ ప్రాణం మీద పొదుపు చేస్తున్నారయ్యా మీరు!

సరే, ఆ తీర్మానం అక్కడే ఆగిపోయింది. 2025 నవంబరు 10 నుంచి రూల్ కాంట్రాక్టుల్లోకి ఎక్కుతోంది. కాకపోతే మొదటి ఏడాది చాలావరకు ఎవరి పేపరు వాళ్లే దిద్దుకుంటే చాలట.