మామయ్యగారి పంచె, మా ఇనప చారు

మా ఇంట్లో ఆదివారానికి రెండు పేర్లున్నాయి. నేను దాన్ని "కాస్త అలా బయటికి" అంటాను. మా ఆయన "తనిఖీ" అంటారు.

నేను కలంకారీ వేస్తాను. వారమంతా బాల్కనీలో గుడ్డ ముందు వంగి కూర్చుంటాను కాబట్టి ఆదివారం వచ్చేసరికి నడుం నిటారుగా పెట్టుకుని నలుగురిలో తిరగాలనిపిస్తుంది. తిరిగేది మాత్రం మళ్లీ గుడ్డల మధ్యే. హైదరాబాద్‌లో ఎక్కడ చేనేత మేళా పెట్టారని తెలిసినా కాలు నిలవదు. ఎక్కడా ఏదీ లేకపోతే శిల్పారామం ఉండనే ఉంది. 1992లో మాదాపూర్‌లో దాన్ని కట్టినప్పుడు చుట్టూ ఈ అద్దాల మేడలు లేవు. ఇప్పుడు చూస్తే హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఓ పల్లెటూరు ఇరుక్కుపోయి హారన్ కొట్టడం చేతకాక ఊరుకున్నట్టు ఉంటుంది. అక్కడ మా అమ్మాయికి బోటు, మా ఆయనకు మిరపకాయ బజ్జీ, అత్తయ్యగారికి చెట్టు నీడ. నాకు మిగతాదంతా.

"కొనేదేం లేదండీ, ఊరికే చూసొద్దాం" అంటే పెళ్లయిన కొత్తలో మా ఆయన సంతోషించారు. కొనకపోవడమే అసలు ప్రమాదమని తర్వాత తెలిసింది. కొనేవాళ్లు చీర చూస్తారు, ధర అడుగుతారు, బేరమాడి వెళ్లిపోతారు. పది నిమిషాల పని. నేను చీర తిరగేస్తాను. పోచంపల్లి ఇక్కత్ అయితే ముందే దారానికి ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉండాలి. వెనకవైపు వెలవెలబోతోందంటే అది నేసింది కాదు, అచ్చు కొట్టింది. గద్వాల చీర అయితే నూలు మీదికి పట్టు అంచు వచ్చి కలిసే చోట వేలితో తడుముతాను. శ్రీకాళహస్తి కలంకారీ అయితే ఏకంగా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాను. గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరబెట్టాకే కలం పెడతారు కనుక కొత్త కలంకారీకి పాలవాసన ఉంటుంది. ఈ సంగతి స్టాల్ వాళ్లకు తెలుసు. చుట్టూ ఉన్న జనానికి తెలియదు. నేను పమిటలో మొహం దూర్చిన ప్రతిసారీ మా ఆయన నాతో ఏ సంబంధమూ లేని మనిషిలా ఏటికొప్పాక బొమ్మల వైపు నడిచి, లక్క బొంగరాల ధరలు కనుక్కుంటూ ఉంటారు. ఇప్పటికి మా ఇంట్లో పద్నాలుగు బొంగరాలు పోగయ్యాయి.

ఓసారి వేలాడదీసిన చీర అనుకుని కొంగు తిరగేసి చూస్తుంటే, ఆ చీర వెనక్కి తిరిగి "ఏం కావాలమ్మా?" అంది. చీర లోపల ఓ పెద్దావిడ ఉన్నారు. అప్పట్నుంచి మనుషులకు రెండు మూరల దూరంలో ఉండాలని నాకు ఇంట్లో ఆంక్ష.

ఇక ఆ ఆదివారం సంగతి.

మా అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి నుంచి వచ్చి అప్పటికి నెల. అది కార్తీక మాసం. అంటే అత్తయ్యగారి పాలనలో ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. మామయ్యగారు ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. దేవుడంటే భక్తి, కోడి అంటే ప్రేమ. నెల్లాళ్లు ఆయన తోటకూరనీ సొరకాయనీ మౌనంగా భరించారు. చివరికి అత్తయ్యగారు తెల్లారుజామున అరటిదొప్పలో దీపాలు వదిలి పోలిని స్వర్గానికి పంపించారు. ఆ వెంటనే వచ్చిన ఆదివారం పొద్దున్నే ఈయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చలవ చేసిన తెల్ల పంచె కట్టుకుని హాల్లో కూర్చున్నారు.

"పోలి స్వర్గానికెళ్లిపోయింది. ఇక నన్ను బిర్యానీకి పంపించండి" అన్నారు.

పదింటి నుంచి పన్నెండున్నర దాకా శిల్పారామం, ఒంటిగంటకల్లా బిర్యానీ. అదీ ఒప్పందం.

అక్కడ శ్రీకాళహస్తి నుంచి వచ్చే అక్క ఒకామె స్టాల్ ఉంది. నాకు కొన్నేళ్లుగా స్నేహం. ఆ రోజు నేను అసలు వెళ్లింది ఆమె దగ్గర నల్లరంగు నీళ్ల కోసం. కలంకారీలో నలుపు కొట్లో దొరకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెట్టాలి. నేను మా బాల్కనీలో పాత మేకులతో పెట్టిన కుండ రంగు తేలలేదు గానీ, వాసన మాత్రం అద్భుతంగా తేలింది. ఎలక ఎక్కడో చచ్చిందని వాచ్‌మన్ రెండు రోజులు వెతికాడు. మా అత్తయ్యగారు దానికి "ఇనప చారు" అని పేరు పెట్టారు. అందుకని పెరుగుకి తోడు అడిగి తెచ్చుకున్నట్టు అక్క దగ్గర కాస్త తెచ్చుకుందామని బయల్దేరాను.

మామయ్యగారు కూడా స్టాల్ దగ్గరికి వచ్చారు. అక్క కరక్కాయ పట్టించిన గుడ్డ పరిచి, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని ఆ నీళ్లలో ముంచి గీత గీసింది. నీళ్లేమో పల్చటి చారు రంగు. గీత మాత్రం గుడ్డ మీద పడీ పడగానే కాటుకలా నల్లబడింది.

"టానిన్!" అని మామయ్యగారు దాదాపు అరిచారు. "కరక్కాయలో టానిన్, ఇందులో ఇనుము. మా తాతగారు కరక్కాయలూ అన్నభేదీ కలిపి సిరా కాచేవారు. ఇదే రియాక్షన్. మరి ఇది ఉతికితే పోదూ?"

నాకు ఇంట్లో ఇంత శ్రద్ధగల శ్రోత ఎప్పుడూ దొరకలేదు. రెచ్చిపోయాను.

"పోదు మామయ్యగారూ."

"సబ్బుకి?"

"పోదు. గుడ్డ చిరగాలిగానీ నలుపు పోదు. పాత కలంకారీల్లో మిగతా రంగులు వెలిసినా నల్లగీత నిలబడుతుంది" అని అక్కడున్న నలుగురికీ వినపడేలా చెప్పాను.

అక్క లీటరు కూల్‌డ్రింక్ సీసాలో రంగు పోసి ఇస్తూ, "మొన్ననే కొత్త బెల్లం ఏసినా మా. ఇంకా పొంగతా ఉండాది. మూత వదులుగా పెట్టుకో" అంది. సరేనన్నాను. నాలుగడుగులు వేశాక, సంచిలో ఒలికితే కొత్త కారు సీట్ల గతేమిటని, మూత బలంగా బిగించాను.

ఆ తర్వాత ఆ సంచీ మా అమ్మాయి చేతికి వెళ్లింది. అది బోటెక్కింది, దిగింది, ఉయ్యాల ఊగింది. అదంతా ఎండలో. నేను అప్పటికి పెడన అద్దకం దుప్పట్ల దగ్గర ఉన్నాను. టేకు అచ్చు ఎక్కడ కలిసిందో ఎక్కడ జరిగిందో పట్టుకోవడం నాకో వ్యసనం.

పన్నెండుంబావుకి అందరూ టీకొట్టు పక్కన అరుగు మీద చేరారు. మామయ్యగారి కుడిచేతిలో పెద్ద గ్లాసు టీ, ఒళ్లో నా సంచీ. సీసా ఉబ్బి, కింద నిలబడలేక ఒరిగిపోతోంది. దూరం నుంచి చూశాను. ఆయన దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని ఎడంచేత్తో మూతమీద చెయ్యి వేశారు. లోపల గ్యాస్ తయారైందని ఆయనకు అర్థమైంది. ఏ గ్యాసో తెలుసుకుందామనుకున్నారు.

"మామయ్యగారూ, వద్దు..."

గోలీసోడా కొట్టినట్టు చప్పుడైంది. సీసాలో సగం పంచె మీదికి దూకింది.

ఒక్క క్షణం అందరం చూశాం. పంచె తడిసింది, అంతే. చారు రంగు తడి. అత్తయ్యగారు కొంగుతో ముక్కు మూసుకుని, "ఏం కాలేదులెండి, నీళ్లే. ఎండలో నిలబడితే ఆరిపోతుంది" అన్నారు. మామయ్యగారు ఆ మాట విని ఎండలోకి వెళదామని చటాక్కున లేచారు. లేచిన ఊపుకి చేతిలో టీ గ్లాసు ఒరిగింది.

టీ పడినచోట పంచె నల్లబడింది. ముందు బూడిదరంగు, కళ్లార్పి చూసేసరికి సిరా నలుపు. టీ జారుతున్న కొద్దీ దాని వెంటే నలుపు పరుగెత్తింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

నెల్లాళ్లుగా మనవరాలి చేత సైన్సు చదివించాలని ప్రయత్నిస్తున్న మనిషి ఆయన. ఆ స్థితిలో కూడా అవకాశం వదులుకోలేదు. పంచె కొస రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "చూశావా బంగారం, టీలో కూడా టానిన్ ఉంటుంది" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయ్. ఇది పోదన్నావు కదూ?"

నేనేం మాట్లాడను? నలుగురు సాక్షుల ముందు చెప్పానాయె.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. పరుగెత్తి కొళాయి దగ్గరినుంచి నీళ్లు తెచ్చి పోశాను. నా విద్యలో మొదటి పాఠం గుడ్డను పారే నీళ్లలో జాడించాలని. శ్రీకాళహస్తిలో అందుకు స్వర్ణముఖి ఉంది. నా దగ్గర ఒక అరలీటరు బాటిల్ ఉంది. ఇటు మిగిలిన రంగూ అటు మిగిలిన టీ కలిసి హాయిగా ముందుభాగమంతా పరుచుకున్నాయి. నడుం నుంచి చీలమండ దాకా నలుపు. నిజం చెప్పొద్దూ, ఎక్కడా మరక తేలకుండా ఒకే తీరుగా పట్టింది. అలాంటి నలుపు నాకు కుదిరి ఆరు నెలలైంది.

"పులుపు కావాలి" అన్నారు మామయ్యగారు. "నిమ్మరసానికి ఇనుము లొంగుతుంది."

నిమ్మసోడా బండి దగ్గరికెళ్లాం. "సాల్టా, స్వీటా, మిక్సా?" అన్నాడు అబ్బాయి.

"ఏదీ వద్దు బాబూ. సోడా కూడా వద్దు. కాయ కోసి ఆయన పంచె మీద పిండు" అన్నాను.

పాపం, పిండాడు. పిండిన చోట నలుపు నిజంగానే విరిగి రూపాయి బిళ్లంత తెల్లమచ్చ వచ్చింది. మామయ్యగారు పంచెను మూరలతో కొలిచి, నోట్లో లెక్క వేసి, "మూడు వందల కాయలు" అని తేల్చారు. ఆ అబ్బాయి తన బుట్టను ఒంటి చాటుకు తీసుకున్నాడు.

"నాన్నా, మంగళగిరి పంచె ఒకటి కొనేద్దాం" అని మా ఆయన అన్నారు. మామయ్యగారు వాచీ చూసుకున్నారు. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. ఆలస్యమైతే బిర్యానీ దగ్గర క్యూ. "పంచెదేముంది, తెనాలిలో తొమ్మిదున్నాయి. పదండి" అన్నారు. ఆ ఒక్కమాట ఆయన అనకపోయి ఉంటే బాగుండేది.

బయటికి నడుస్తుంటే నేను ఆయన వెనకే ఉన్నాను. వెనకనుంచి తెల్ల పంచె, రిటైర్డ్ లెక్చరరుగారు. ముందునుంచి ఎదురొచ్చే జనానికి నల్ల పంచె, నుదుట విభూతి. పైగా అయ్యప్ప మాలల సీజన్. గేటు దగ్గర నల్లబట్టల్లో ఉన్న కుర్రాడొకడు రెండు చేతులూ జోడించి, "స్వామి శరణం" అన్నాడు.

మన ప్రాంతంలో ఆ మాట వింటే ఎవరి చేతులైనా వాటంతటవే లేస్తాయి. "శరణమయ్యప్ప" అనేశారు మామయ్యగారు. కుర్రాడి చూపు మెల్లగా ఆయన చెప్పుల మీదికి దిగింది. మాల వేసుకున్నవాళ్లు చెప్పులు తొడగరు. "స్వామీ..." అని నసిగాడు. మామయ్యగారు ఇదంతా ఇనుమూ టానినూ అని వివరించబోయి, వేళ చూసుకుని, చెప్పులు విడిచి నాకిచ్చారు. కారు దాకా కంకర మీద ఉత్తకాళ్లతో నడిచారు. మా ఆయన డిక్కీలోకి తల పెట్టి అయిదు నిమిషాలు ఏదో వెతికారు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

హోటల్లో జనం కిటకిటలాడుతున్నారు. గోడవారగా ఒక టేబుల్ దొరికితే మామయ్యగారు గోడకు వీపు ఆనించి కూర్చుని ఊపిరి పీల్చుకున్నారు. మెనూ అడగలేదు. నెల్లాళ్లుగా మనసులో ఉన్నదే. సర్వర్ వచ్చాడు, ఆయన్ని ఎగాదిగా చూశాడు, గొంతు తగ్గించాడు.

"స్వామికి వెజ్ బిర్యానీ వేరే గరిటెతో వడ్డిస్తాం సార్. ఏం ఫికర్ చేయొద్దు."

మామయ్యగారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే పక్క టేబుల్ నుంచి ఓ బామ్మగారు లేచి వచ్చి నమస్కారం పెట్టారు. వెనకే ఆరేళ్ల మనవణ్ని తోసి, "స్వామికి దండం పెట్టుకోరా, బాగా చదువొస్తుంది" అన్నారు. వాడు బుద్ధిగా వంగి మామయ్యగారి ఉత్తకాళ్లకు దండం పెట్టాడు. ఆయన వాడి తలమీద చెయ్యి వేసి, ఒక్క నిట్టూర్పు విడిచి, సర్వర్‌తో, "వెజ్జే తే నాయనా" అన్నారు.

మా నలుగురికీ చికెన్ వచ్చింది. ఆవిరి ఆయన వైపే పోయింది. అత్తయ్యగారు మాత్రం, "అయ్యప్పే ఇలా తలిచాడేమో" అంటూ హాయిగా ముక్క కొరికారు. మామయ్యగారు పనీర్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు, నేను చీరను చూసినట్టు. మా అమ్మాయికి జాలేసింది.

"తాతయ్యా, నా లెగ్ పీస్ తీసుకో!" అని హాలంతా వినపడేలా అంది.

పక్క టేబుల్ మొత్తం ఇటు తిరిగింది. తాతయ్య తల అడ్డంగా ఊపారు, అచ్చం స్వామిలాగే.

తినడం అయిపోయింది. బిల్లు కట్టాం. చేతులు కడుక్కున్నాం. ఆయన మాత్రం లేవడం లేదు.

"పదండి మామయ్యగారూ" అన్నాను.

"ఎలా లేవమంటావమ్మాయ్? వెనకంతా తెలుపు" అన్నారు పెదవి కదపకుండా. "వాళ్లు వెళ్లనీ."

వాళ్ల వైపు చూశాను. సర్వర్ అప్పుడే వాళ్ల దగ్గర నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. బామ్మగారు మనవడి తల నిమురుతూ, అయిదు డబల్ కా మీఠాలు చెప్పారు.