బొమ్మల పెట్టెకీ జాతకం అడుగుతున్నారు

గొల్లపూడిలో మా వదిన వాళ్లింటికి వెళితే హాల్లో కూర్చోవడానికి చోటుండదు. సోఫా నిండా అట్టపెట్టెలు, బబుల్ రాపర్ చుట్టలు, పాత పేపర్ల కట్టలు. కొండపల్లి వెళ్లి బొమ్మలు తెచ్చి, ఓ విదేశీ ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టి అమ్మడం ఆరేళ్లుగా ఆవిడ పని. 2025 ఆగస్టు చివర్లో ఆ హాల్లో పదకొండు పెట్టెలు కదలకుండా ఉండిపోయాయి. అన్నీ అమెరికా ఆర్డర్లే. అన్నీ దసరా కొలువు కోసం అడిగినవే. చిరునామాల కాగితాలు అతికించేసి ఉన్నాయి, తీసుకెళ్లేవాళ్లే లేరు.

ఆ నెల 25 నుంచి తపాలా శాఖ అమెరికాకి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. ముందు ఉత్తరాలు, డాక్యుమెంట్లు, 100 డాలర్లలోపు గిఫ్టులు మాత్రం వెళతాయన్నారు. నెలాఖరుకి అవి కూడా ఆగిపోయాయి. కారణం, ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల మినహాయింపును ఎత్తేయడం. డి మినిమిస్ అని దానికి పేరు. ఆ విలువ లోపు పార్సిల్ ఏ దేశం నుంచి వచ్చినా సుంకం లేదు, పెద్దగా అడిగేదీ లేదు. మూలం 1938 నాటి చట్టంలోనే ఉంది. 2016 దాకా ఆ పరిమితి 200 డాలర్లే, ఆ ఏడాది 800కి పెంచారు. పెంచాక ఏమైందో అందరికీ తెలిసిందే. 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ దారిన అమెరికాలోకి 136 కోట్లకి పైగా పార్సిళ్లు వెళ్లాయి. వాటిలో సింహభాగం చైనా నుంచి. చైనా, హాంకాంగ్‌లకి 2025 మే 2నే తలుపు మూశారు. ఆగస్టులో మిగతా ప్రపంచానికి మూశారు. కోపం ఐదు డాలర్ల టీషర్టుల మీద, దెబ్బ మా వదిన మత్స్యావతారం మీద.

సరిగ్గా అదే వారంలో, ఆగస్టు 27న, మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. దాంతో టీవీల్లో, పేపర్లలో చర్చంతా ఆ 50 చుట్టూనే తిరిగింది. రొయ్యలు, వజ్రాలు, బట్టలు. పెద్ద వ్యాపారాలు కాబట్టి న్యాయమే. కానీ ఇంట్లోంచి పార్సిళ్లు పంపే చిన్న అమ్మకందారుకి అసలు మార్పు ఆ శాతంలో లేదని నా లెక్క. శాతం రాజకీయం. ఈ రోజు పెరుగుతుంది, రేపు ఫోన్ మాట్లాడుకుంటే తగ్గుతుంది. పోయింది వేరే. ఇన్నాళ్లూ చిన్న పెట్టెని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి పెట్టెకీ జాతకం అడుగుతున్నారు.

ఆ జాతకంలో మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు. పెట్టెలో ఏముంది? ఒకప్పుడు 'చెక్క బొమ్మలు, 60 డాలర్లు' అని రాస్తే సరిపోయేది. ఇప్పుడు హెచ్ఎస్ కోడ్, అంటే అది ఏ రకం వస్తువో కస్టమ్స్ వాళ్లకి చెప్పే అంకె, సరిగ్గా రాయాలి. తెలుగులో మనకి బొమ్మ అనే ఒక్క మాట చాలు. పిల్లలు ఆడుకునేదీ బొమ్మే, కొలువులో పెట్టేదీ బొమ్మే, గోడకి తగిలించేదీ బొమ్మే. కస్టమ్స్ వాళ్ల దగ్గర అలా కుదరదు. ఆట బొమ్మ అయితే 9503. చెక్కతో చేసిన అలంకరణ బొమ్మ అయితే 4420. ఇది సుంకం గొడవే కాదు. పన్నెండేళ్లలోపు పిల్లల కోసం చేసిన వస్తువైతే అమెరికాలో సీసం వగైరాలకి గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ చూపాలి. ఏటికొప్పాక గిలక్కాయ, బొంగరం నిజంగానే పిల్లల వస్తువులు. కొండపల్లి అంబారీ ఏనుగుని ఏ తల్లీ పిల్లాడి చేతికివ్వదు. అది అద్దాల బీరువాలో ఉండేది.

మరి మా వదిన లిస్టింగులో ఏం రాసింది? 'హ్యాండ్‌మేడ్ టాయ్, కిడ్స్ గిఫ్ట్' అని. ఎందుకంటే వెతికేవాళ్లు ఆ మాటలతోనే వెతుకుతారు, మార్కెట్‌ప్లేస్ వాళ్ల పాఠాలు కూడా అలానే రాయమంటాయి. పెట్టె మీద మాత్రం 'అలంకరణ వస్తువు'. ఒకే ఏనుగు, రెండు పేర్లు. ఇన్నాళ్లూ ఎవరూ పోల్చి చూడలేదు కాబట్టి నడిచింది.

రెండో ప్రశ్న బరువు. దీని గురించి ఎవరూ చెప్పరు, అనుభవమే చెప్పాలి. తపాలా ఆగిపోయాక కొలువు తేదీ దగ్గర పడుతుండటంతో వదిన ఓ ప్రైవేటు కొరియర్ వాళ్లని పిలిచింది. దశావతారాల సెట్టు తూకం వేస్తే కిలో తొమ్మిది వందల గ్రాములు. తెల్ల పొణికి చెక్క అంత తేలిక మరి. వచ్చిన కుర్రాడు టేపు తీసి పెట్టె కొలిచాడు. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు. గుణిస్తే 30,000. దాన్ని 5,000తో భాగించాడు. ఆరు కిలోలు అన్నాడు. వదిన తూకం మిషన్ వైపు చూసింది, కుర్రాడి వైపు చూసింది. "గాలిక్కూడా చార్జీనా బాబూ?" అంది. "విమానంలో చోటుకి మేడమ్" అన్నాడు. తప్పు వాడిది కాదు, కొరియర్ వాళ్లందరిదీ దాదాపు ఇదే లెక్క. అసలు బరువు, ఈ కొలతల బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొణికి చెక్కకున్న గొప్ప గుణం ఈ లెక్కలో ఎందుకూ కొరగాకుండా పోయింది.

పెట్టె చిన్నది చేద్దామంటే కొండపల్లి బొమ్మకి ఓ బలహీనత ఉంది. చేతులు, కిరీటాలు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇరుకుగా సర్దితే విరిగేది ముందు ఆ అతుకే.

ఇక మూడోది, అన్నిటికన్నా ముదురు ప్రశ్న. సుంకం ఎవరు కట్టాలి? ఆ కొరియర్‌లో వెళ్లిన నాలుగు పెట్టెల్లో ఒకటి న్యూజెర్సీలో ఓ తెలుగావిడకి. సుంకం, దాని మీద కొరియర్ వాళ్ల సర్వీసు చార్జీ కలిపి కట్టమని ఆవిడకి మెసేజ్ వెళ్లింది. నేను 60 డాలర్లు కట్టేశానుగా, ఇదేంటని ఆవిడ పెట్టె తీసుకోలేదు. తన వైపు నుంచి అదీ సబబే. మార్కెట్‌ప్లేస్ ఆవిడకి డబ్బు వెనక్కిచ్చేసింది, మా వదిన ఖాతాలోంచి. ఒక్క స్టార్ రివ్యూ దానికి అదనం. పెట్టె వెనక్కి రప్పించాలంటే మళ్లీ చార్జీ, ఇక్కడికొచ్చాక ఇది మేం పంపిందేనని రుజువు చూపడం, లేదంటే దిగుమతి సుంకం. మన బొమ్మ మన ఊరికి రావడానికి.

2025 అక్టోబరు 15న తపాలా శాఖ అమెరికా పార్సిళ్లు మళ్లీ మొదలుపెట్టింది. దసరా అక్టోబరు 2నే అయిపోయింది, ఆ సంగతి పక్కన పెడదాం. కొత్త పద్ధతి మాత్రం నాకు నచ్చింది. సుంకం ఇక్కడే, బుకింగ్ అప్పుడే, ప్రకటించిన విలువ మీద కట్టించుకుంటారు. అప్పటి రేటు ప్రకారం 50 శాతం. 60 డాలర్ల సెట్టుకి 30 డాలర్లు. కొరియర్‌లో వెళితే వస్తువుని బట్టి పడే మామూలు సుంకం దీనికి అదనం, తపాలాలో అది లేదు. కొనేవాళ్ల గుమ్మం దగ్గర పంచాయతీ లేదు. ఖరీదెక్కువైనా ఎంతో ముందే తెలుస్తుంది, ఈ వ్యాపారంలో తెలిసిన నష్టం కన్నా తెలియని నష్టమే ఎక్కువ ముంచుతుంది. అందుకే సుంకం ధరలో కలిపి చెప్పేయమని వదినకి చెప్పాను. ధర చూసి పారిపోయేవాళ్లు ఎలాగూ గుమ్మం దగ్గర పారిపోతారు. 'ఫ్రీ షిప్పింగ్' అని బోర్డు పెట్టుకోవడం మానేస్తే ఇంకా మంచిది, అది ఎవరికీ ఫ్రీ కాదు.

ఇక్కడ అందరికీ తెలిసిన అడ్డదారి ఒకటుంది. పెట్టె మీద 'గిఫ్ట్, 20 డాలర్లు' అని రాసేయడం. హైదరాబాద్‌లో అమెరికాకి పచ్చళ్లు పంపుతామని బోర్డులు పెట్టిన కొరియర్ దుకాణాల్లో అడిగితే వాళ్లే సలహా ఇస్తారు. అమ్మ చేతి ఆవకాయ కొడుక్కి పంపితే అది గిఫ్టే, 100 డాలర్ల దాకా దానికి మినహాయింపు ఇంకా ఉంది. ఇంట్లో చేసి వ్యక్తిగతంగా పంపిన తిండికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకి ముందస్తు నోటీసు కూడా అక్కర్లేదు. కానీ వెబ్‌సైట్లో కార్డు గీకి కొన్న ఆవకాయ గిఫ్టు ఎలా అవుతుంది? అది వ్యాపారం, దానికి నోటీసు కావాలి, సుంకం ఉంటుంది. నీతి సంగతి అలా ఉంచి లెక్కే చూద్దాం. 20 అని రాసిన పెట్టె పోతే బీమా 20కే వస్తుంది. బ్యాంకులో 60 వచ్చి కాగితం మీద 20 ఉంటే ఆ తేడాకి జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లే.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి మన వైపు తతంగం కూడా చెప్పుకోవాలి. ఎగుమతిదారు గుర్తింపుకి ఐఈసీ నంబరు, 500 రూపాయల ఫీజు, ఇది తేలికే. జీఎస్టీ లేకుండా ఎగుమతి చేయడానికి ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం. విదేశీ డబ్బు ఏ బ్యాంకుకి వస్తుందో కస్టమ్స్‌కి చెప్పడానికి ఆ బ్యాంకు నుంచి ఏడీ కోడ్. ఆ తర్వాత అసలు తలనొప్పి, ప్రతి షిప్పింగ్ బిల్లునీ, అంటే కస్టమ్స్‌కిచ్చే ఎగుమతి పత్రాన్ని, వచ్చిన విదేశీ డబ్బుతో జత కలిపి రిజర్వు బ్యాంకు సిస్టమ్‌లో మూసేయడం. కంటెయినర్ పంపేవాడికి నెలకి రెండు బిల్లులు. మా వదినకి నలభై, ఒక్కోటి ఐదారు వేల రూపాయలది. పైగా మార్కెట్‌ప్లేస్ కమీషన్ కోసుకుని, పది ఆర్డర్ల డబ్బు కలిపి ఒకేసారి వేస్తుంది. దేనికి దేన్ని జత కలపాలి? 2025 అక్టోబరులో రిజర్వు బ్యాంకు 10 లక్షల లోపు బిల్లులని ఎగుమతిదారు ఇచ్చే డిక్లరేషన్‌తో మూసేయొచ్చని బ్యాంకులకి చెప్పింది. చాలా మంచి నిర్ణయం. అయితే సర్క్యులర్ కౌంటర్ దాకా నడిచి రావడానికి టైమ్ పడుతుంది. వదిన వెళ్లి అడిగితే బ్యాంకులో ఆ సర్క్యులర్ నంబరు ఆవిడనే అడిగారు.

2023 విదేశీ వాణిజ్య విధానంలో కొరియర్ ఎగుమతి పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారని గొప్పగా చెప్పుకున్నారు. 10 లక్షల పెట్టె పంపేవాడికి ఏజెంటుంటాడు, ఆడిటరుంటాడు. ఇబ్బంది ఐదు వేల పెట్టె దగ్గర. ఆ మేరకు 2022 చివర్లో మొదలైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలే, అంటే పోస్టాఫీసుల్లోని ఎగుమతి కేంద్రాలే, నాకు సరైన దిశలో కనిపిస్తాయి. ఎగుమతి బిల్లు ఆన్‌లైన్లో అక్కడే పెట్టి, పెట్టె అక్కడే ఇచ్చి రావచ్చు. కౌంటర్లో కూర్చున్న మనిషికి 9503కీ 4420కీ తేడా చెప్పేంత శిక్షణ ఇస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇదంతా అమెరికా తిక్క అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియా 2018 జులైలోనే చిన్న పార్సిళ్ల మీద జీఎస్టీ మొదలుపెట్టింది. బ్రిటన్ 2021 జనవరి నుంచి 135 పౌండ్ల లోపు వాటికి అమ్మకం దగ్గరే వ్యాట్ అంది. యూరప్ 22 యూరోల మినహాయింపుని అదే ఏడాది జులై 1న తీసేసింది. 2024 డిసెంబరు 13 నుంచి, వస్తువు భద్రతకి జవాబుదారీగా యూరప్‌లోనే ఒక ప్రతినిధి ఉండాలంది. ఈ చివరిది చూసి వదిన యూరప్ మొత్తాన్ని లిస్టింగుల్లోంచి తీసేసింది. నలభై యూరోల బొమ్మకి ప్రతినిధిని ఎక్కడ తెస్తుంది?

అయినా ఆస్ట్రేలియా, బ్రిటన్, యూరప్ పన్నుల సంగతి మా వదినకి తెలియను కూడా తెలియలేదు. ఎందుకంటే ఆ దేశాలు పన్ను వసూలు బాధ్యతని మార్కెట్‌ప్లేస్ మీద పెట్టాయి. కొనేవాళ్లు డబ్బు కట్టేటప్పుడే పన్ను కలిపి తీసుకుని కంపెనీయే కట్టేస్తుంది. అమెరికా మాత్రం ఆ బాధ్యతని పెట్టె మోసేవాళ్ల మీద, అంటే విమానాలు, తపాలా, కొరియర్ల మీద పెట్టింది. అదీ నెల రోజుల గడువుతో. తపాలా వ్యవస్థలు చేతులెత్తేసింది అందుకే. మోసేవాళ్లు దాన్ని పంపేవాళ్ల నెత్తిన పెట్టారు. వస్తువేంటో, ఎంతకి అమ్మారో, ఎవరు కొన్నారో, ఏ ఊరో, అన్నీ ఒకే చోట తెలిసింది మార్కెట్‌ప్లేస్‌కే. కమీషన్ తీసుకునేదీ అదే. సుంకం లెక్క కట్టి, చెల్లింపు దగ్గరే చూపించాల్సింది కూడా అదే కావాలి. వాణిజ్య చర్చల్లో మనవాళ్లు శాతం తగ్గించమని అడిగారు, అడగాల్సిందే. దాంతో పాటు ఈ ఒక్క ఏర్పాటు కోసం అడిగితే, ఇక్కడ అమ్మకాలు చేసే మార్కెట్‌ప్లేస్‌ల మీద ఒత్తిడి పెడితే, రేటు ఎంతున్నా చిన్నవాళ్లు లెక్క వేసుకోగలరు.

ఆ పదకొండింట్లో కొరియర్‌లో వెళ్లినవి పోగా మూడు ఆర్డర్లు కొన్నవాళ్లే రద్దు చేసుకున్నారు. మిగతా నలుగురు సంక్రాంతి కొలువుకైనా ఫర్వాలేదన్నారు. న్యూజెర్సీ పెట్టె నవంబరులో తిరిగొచ్చింది, నరసింహుడి చెయ్యి ఊడిపోయి. దాన్ని అతికించడానికి కొండపల్లి తీసుకెళ్లినప్పుడు వదిన బొమ్మలు చేసే ఆయన్ని అడిగింది, పీఠాలు విడిగా వచ్చేలా చేయగలరా అని. ఆయన నవ్వాడు. "పీఠం లేకుండా దేవుడెట్టా నిలబడతాడమ్మా?" అన్నాడు. పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. పాదాల కింద చిన్న చెక్క మేకు, పీఠానికి దానికి సరిపడా రంధ్రం. పడుకోబెట్టి సర్దితే పెట్టె 36, 24, 16కి వచ్చింది. టేపు పెట్టి లెక్క వేస్తే 2.76, అర కిలోల లెక్కన సర్దితే మూడు కిలోలు.

"ఎవరి అవతారం వాళ్ల పీఠం మీదే పెట్టాలని కాగితం రాసి పెట్టండి" అన్నాడట ఆయన. "వామనుడి పీఠం చిన్నది, వరాహానికి సరిపోదు."