నడిచేవారికి దారేదీ?

రోడ్డు ప్రమాదంలో పాదచారి చనిపోయినప్పుడల్లా ‘అడ్డంగా వచ్చాడు’ అన్న ఒక్క మాటతో బాధ్యత అంతా మృతుడి మీదికే వెళ్లిపోతోంది. అడ్డంగా రాకుండా దాటేందుకు అక్కడ తగిన ఏర్పాటు ఉందా అని అడిగేవారు అరుదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. ఇన్ని వేల మందీ తమ అజాగ్రత్త వల్లే పోయారనడం అన్యాయం.

నెల్లూరు నగరాన్ని రైలుమార్గం రెండుగా చీలుస్తోంది. అటూ ఇటూ రాకపోకలకు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి వంటివే చాలామందికి ఆధారం. గట్టి వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి. కార్లున్నవారు చుట్టు తిరిగి పోగలరు గానీ, సైకిల్‌పై కూలికి వెళ్లే మనిషికి ఆ చుట్టుదారి ఒంట్లో సత్తువను, పూట సంపాదనను కూడా లాగేసుకుంటుంది. ఇక ఫుట్‌పాత్‌ అంటే చాలాచోట్ల మురుగుకాలువ మీద పరిచిన సిమెంటు పలకలే. ఒక పలక కుంగి, పక్కది పైకి లేచి, మధ్యలో ఇనుప చువ్వ పొడుచుకొచ్చి ఉంటుంది. అది దాటి నాలుగడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మరో, దుకాణం మెట్లో, నిలిపి ఉంచిన మోటార్‌సైకిళ్లో అడ్డం వస్తాయి. కర్ర సాయంతో నడిచే పెద్దాయన ఆ మెట్లు ఎక్కలేక రోడ్డు మీదికే దిగుతాడు. నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పున ఏ అడ్డంకీ లేకుండా ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో నిర్దేశించింది. ఒంగోలులోనైనా, నెల్లూరులోనైనా టేపు పట్టి కొలిస్తే ఈ ప్రమాణానికి తూగే వీధులు ఎన్ని తేలతాయో అధికారులే చెప్పాలి.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద పరిస్థితి మరింత ప్రాణాంతకం. ఒకపక్క ఇళ్లు, రెండోపక్క పొలాలో బడో ఉన్న ఊళ్లలో దాటేచోటు దూరంగా ఉంటే జనం డివైడర్ సందులోంచే దాటుతారు. సర్కారు బడుల్లో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లలకు ‘బడికొస్తా’ పథకం కింద గతంలో ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. మంచి పని. ఆ సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ, లారీల మధ్య ఖాళీ కోసం కాచుకుని, ఒక్క పరుగున డివైడర్ దాకా చేరే పిల్లకు సర్వీసు రోడ్డు, పాదచారుల అండర్‌పాస్ ఎవరిస్తారు?

చట్టం లేక కాదు. సురక్షితమైన ఫుట్‌పాత్‌ను వాడుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టంలోని 138(1ఎ) సెక్షన్ కింద పాదచారుల కోసం నిబంధనలు రూపొందించాలని అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్డు డిజైన్‌లో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణనష్టం జరిగితే బాధ్యులైన అధికారులకూ, కాంట్రాక్టర్లకూ లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని 198ఎ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌ను కాగితానికే పరిమితం చేయకూడదు.

ఫుట్‌పాత్‌ల ప్రస్తావన రాగానే తోపుడుబండ్లపై విరుచుకుపడటం మనకు అలవాటైంది. చిరువ్యాపారుల పొట్టకొట్టి దారి చేయనక్కర్లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వారికి చోటు కేటాయించి, శాశ్వత ఆక్రమణలను, అడ్డదిడ్డపు పార్కింగును ముందు తొలగించాలి. చేతకాదనడానికి వీల్లేదు. నెల్లూరులో ఏటా జరిగే రొట్టెల పండుగకు వాహనాలను మళ్లించి, స్వర్ణాల చెరువు దాకా లక్షల మందిని నడిపిస్తున్నది ఈ యంత్రాంగమే. ఆ శ్రద్ధలో కొంతైనా మామూలు రోజుల్లో బడుల ముందు, ఆసుపత్రుల ముందు, బస్టాండ్ల దగ్గర చూపాలి. అక్కడ వాహనాల వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు కట్టడి చేయాలి. ముసలివారు సైతం నింపాదిగా దాటేంత సమయం సిగ్నళ్లలో ఇవ్వాలి. నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు రెండూ రాబోయే బడ్జెట్‌లో నడకదారులకు, సైకిల్ దారులకు విడిగా పద్దు చూపాలి. జాతీయ రహదారి మీద ఏ ఊరి దగ్గర ఎప్పటికి దాటుదారి కడతారో కలెక్టర్లు రహదారుల సంస్థతో తేదీలతో సహా రాయించుకుని, ఆ జాబితాను ఆయా పంచాయతీల నోటీసు బోర్డుల్లో పెట్టించాలి.